వెల్డింగ్ కోసం ఆగిన ఛాంపియన్‌షిప్

పోయిన శుక్రవారం సాయంత్రం సౌదీలో, దమ్మామ్‌లో ఉంటున్న పాత మిత్రుడొకడు ఫోనుకి లింకు పంపాడు. నొక్కి చూస్తే డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ ప్రత్యక్ష ప్రసారం. ఆకాశంలో ఒక కెమెరా, నేల మీద నాలుగు. డిస్కు చేతిలోంచి జారగానే దాని వెనకాలే తెర మీద ఎర్రటి గీత. ఎంత దూరం పోయిందో, ఎంత వేగంతో పోయిందో మూలన అంకెలు. ఇద్దరు వ్యాఖ్యాతలు, ఒకాయన అరబిక్‌లో, ఒకాయన ఇంగ్లీషులో. చివరి బుట్ట దగ్గర ఏదో సందేహం వస్తే రెఫరీ చేతిలోని టాబ్లెట్లో వీడియో వెనక్కి తిప్పి చూసుకుని అర నిమిషంలో తేల్చేశాడు.

"అర నిమిషమే!" అంది మా ఆవిడ నా భుజం మీంచి చూస్తూ. "అన్నయ్యకి గంట పట్టింది కదండీ."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ గంట కథ ఆయనకి ఫోన్ చేసి గుర్తు చేద్దామంటే ఆయన లేడు. జగిత్యాల దగ్గర సొంతూళ్ళో పోయి రెండేళ్ళవుతోంది.

పేరు రాయను. రిఫైనరీలో పైపు అతికిన చోట వెల్డరు నెంబరు కొడతారు గాని పేరు రాయరు. "మాకు నెంబరే సారూ, పేరెందుకు?" అని ఆయనే అనేవాడు. మేం మేస్త్రి అని పిలిచేవాళ్ళం. మా ఆవిడకి మాత్రం అన్నయ్య.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. టిఫిను పళ్ళెమంత ప్లాస్టిక్ డిస్కు. గీత దగ్గర నిలబడి విసరాలి. ఎక్కడ పడితే అక్కణ్ణుంచి మళ్ళీ విసరాలి. చివర ఒక స్తంభం, దానికి ఇనుప బుట్ట, బుట్ట పైన వేలాడే చైన్లు. చైన్లకి తగిలి డిస్కు బుట్టలో నిలిస్తే ఆ బుట్ట అయిపోయినట్టు. ఇలాంటివి పద్దెనిమిది. అన్నీ తక్కువ విసుర్లలో ముగించినవాడిదే గెలుపు. అంతే ఆట. కాని నేను మొదటిసారి చూసినప్పుడు చైన్లూ లేవు, బుట్టలూ లేవు.

దమ్మామ్ నుంచి రాస్ తనూరా వెళ్ళే దారిలో మా కాంపౌండ్ ఉండేది. రిఫైనరీల మరమ్మతులు చేసే కంపెనీ మాది. నేను ఇన్‌స్పెక్షన్ ఇంజనీర్ని. కాకినాడ నుంచి వచ్చి ఏడాది తిరక్కుండానే కువైట్ యుద్ధం వచ్చిపడింది. సైరన్లు మోగేవి. కంపెనీ అందరికీ గ్యాస్ మాస్కులు ఇచ్చింది. అవి సరిగ్గా పడుతున్నాయో లేదో చూసే పని నాకు అప్పజెప్పారు. మాస్కు తొడిగి, ముందున్న ఫిల్టరు మీద అరచెయ్యి మూసి, ఊపిరి పీల్చమనాలి. మాస్కు మొహానికి అతుక్కుంటే సరి, గాలి దూరితే లాభం లేదు.

మాకు మనుషుల్ని పంపే చిన్న కాంట్రాక్టరు దగ్గర వెల్డరు ఆయన. లైన్లో ఆయన వంతు వచ్చింది. నాకన్నా ఆరేడేళ్ళు పెద్దవాడు. బక్క మనిషి, చెంపల దాకా మీసం. మాస్కు బిగుసుకోలేదు.

"మీసం అడ్డొస్తోంది. చివర్లు కత్తిరించి రండి" అన్నాను తెలుగువాడని తెలిశాక.

"ఏ ఊరు సారూ మీది?"

"కాకినాడ."

"తెలుగాయన ఉండి గిదా జెప్పేది?" అన్నాడు ఎంతో నొచ్చుకుని. "మీసం దీసినంక బతికితే ఏంది, బతకకుంటే ఏంది?"

పక్కకి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. మీసం రెండు చివర్లూ వాజలీను రాసి, ముక్కు కిందికి మడిచి, పైన టేపు అంటించుకున్నాడు. నవ్వాపుకుంటూ మాస్కు తొడిగి అరచెయ్యి అడ్డం పెట్టాను. పీల్చాడు. మాస్కు చక్కగా అతుక్కుపోయింది. నేను పాస్ అని రాశాను. లోపల్నుంచి ఏదో అన్నాడు, వినపడలేదు. తీశాక అడిగితే, "ఎల్డరు జేసిన జాయింటు సారూ, లీకు కాదు అన్న" అన్నాడు.

అప్పట్లో సెలవు రోజున కూడా కాంపౌండ్ దాటి బయటికి పోవడానికి లేదు. కుటుంబాలు వెళ్ళిపోయాయి. అందరం తిని పడుకుని సైరన్ కోసం ఎదురు చూడ్డమే. ఒక అమెరికన్ ప్లానింగ్ ఇంజనీరు ఉండేవాడు, అందరం ఆయన్ని కెప్టెన్ అనేవాళ్ళం. ఆయన ఓ రోజు సూట్‌కేసులోంచి నాలుగు డిస్కులు తీశాడు. వర్క్‌షాపు నుంచి ఖాళీ రంగు డబ్బాలు, పెద్ద పెద్ద డ్రమ్ములు, తొమ్మిది తెప్పించి ఇసకలో అక్కడక్కడా పెట్టించాడు. వాటిని బండిలో తెచ్చింది మేస్త్రే. తొమ్మిదోది దించేశాక వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఏంది సారూ ఇది?"

"ఆ పళ్ళెం విసిరి డ్రమ్ముకి తగిలించాలి."

"తగిలితే?"

"ఏమీ లేదు. తక్కువసార్లు విసిరి తగిలించినవాడు గెలిచినట్టు."

"అన్నం తినని పళ్ళెంకు ఇంత కొట్లాటనా!" అని నవ్వి, ఒకటి అడిగి పుచ్చుకున్నాడు. నడుము తిప్పి విసిరాడు. విసిరిన మరుక్షణం మొహం ఇటు తిప్పేసుకున్నాడు. ఠంగుమని చప్పుడైంది. అందరం అరిచాం. ఆయన డ్రమ్ము వంక చూడనే లేదు, మా మొహాలు చూస్తున్నాడు.

చివరిదాకా ఆయన ఆట అంతే. వెల్డింగు మెరుపుకి మొహం తిప్పుకునే అలవాటు ఒంట్లోకి ఇంకిపోయిందేమో, ఎప్పుడు విసిరినా డిస్కు ఎటు పోతోందో చూసేవాడు కాదు. చెవి అటు, కళ్ళు మావైపు. "ఇసిరినంక అది నా శేతుల లేదు సారూ. సూసి ఏం జేస్త? మీ మొఖాలు సూస్తె తెలుస్తది" అనేవాడు.

యుద్ధం ముగిసిన కొన్ని వారాలకి కెప్టెన్ మొదటి ఛాంపియన్‌షిప్ పెట్టాడు. పదకొండు మంది ఆటగాళ్ళు, ఒక్క మధ్యాహ్నం. పాత వర్క్ ఆర్డర్ల వెనకాల పెన్సిల్‌తో స్కోర్లు. కువైట్‌లో మండుతున్న బావుల పొగ గాలివాటున మా మీదికొచ్చి, మిట్టమధ్యాహ్నం కూడా పొద్దుగుంకుతున్నట్టుండేది. డిస్కు పట్టుకుంటే చేతికి మసి. దుమ్ములో డ్రమ్ము సరిగ్గా కనపడేది కాదు, తగిలిందో లేదో తగాదా. అప్పుడు మేస్త్రిని న్యాయమూర్తిని చేశారు. డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. "తాకింది." "తాకలే." "ఇది తాకలే, రాయెగిరి తాకింది." ఆ తీర్పుకి ఎదురు చెప్పినవాడు లేడు. గెలిచినవాడికి పైనాపిల్ డబ్బా బహుమతి.

ఆ సాయంత్రమే ఆయన కెప్టెన్ దగ్గరికి వచ్చి నన్ను మధ్యలో నిలబెట్టాడు. "సారుకు జెప్పుండ్రి. డ్రమ్ముకు తాకి పళ్ళెం కిందవడుతున్నది. గట్ల మంచిగ లేదు. ఇంటికచ్చినోణ్ణి గడపకాడ్నుంచే పంపిస్తమా? లోపటికి పిలిచి కూసుండబెట్టాలె."

నేను ఇంగ్లీషులోకి మార్చాను. కెప్టెన్ తమ దేశంలో చైన్లు కట్టిన బుట్టలుంటాయనీ, ఇక్కడ దొరకవనీ చెప్పి, కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు.

మొదటి బుట్ట తిప్పలు పెట్టింది. మేస్త్రి దానికి క్రేను చైన్లు కట్టాడు. ఒక్కొక్కటీ బొటనవేలంత లావు. కెప్టెన్ ముచ్చటపడి విసిరితే డిస్కు గోడకి కొట్టినట్టు తిరిగొచ్చి ఆయన మోకాలి చిప్పకే తగిలింది. రెండోసారి తుక్కు కుప్పలో వెతికి, ఎత్తున ఉన్న వాల్వుల్ని కిందనుంచి తిప్పడానికి వాడే సన్నటి చైన్లు ఏరుకొచ్చాడు. ఆ బుట్టని గేటు దాటిస్తుంటే పాకిస్తానీ గార్డు ఆపాడు. ఏమిటిదని అడిగితే మేస్త్రి తొణక్కుండా "ముర్గీ కా టోక్రా" అన్నాడు. కోళ్ళ గంప! గార్డు నమ్మాడో, నవ్వొచ్చి వదిలేశాడో గాని తర్వాత రెండేళ్ళ పాటు కనిపించినప్పుడల్లా గుడ్లెక్కడని అడిగేవాడు.

ఆ రెండేళ్ళలో పద్దెనిమిది బుట్టలు తయారయ్యాయి. ప్రతిదాన్నీ మధ్యాహ్నం తిండి వేళలో తనే విసిరి చూసేవాడు. టెస్టింగ్ అనేవాడు. ఆ టెస్టింగులోనే మాలో ఎవరికీ లేని చెయ్యి ఆయనకి వచ్చేసింది. రుమాలు చివర పట్టుకుని గాలి చూసి, గాలి ఎటుంటే దానికి కాస్త తలవంచినట్టు డిస్కుని వంచి వదిలేవాడు. "గాలితోని కొట్లాడద్దు సారూ, జర సలాం గొట్టి పక్కనుంచి పోవాలె."

ఈలోగా పోటీ కూడా పెద్దదైంది. దమ్మామ్ చుట్టుపక్కల కాంపౌండ్ల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. దేశం అవతలి కొసన ఉన్న తబూక్ నుంచి కూడా ఒకాయన వచ్చాడు, విమానాలు బాగుచేసే ఇంగ్లీషు మెకానిక్కు. అచ్చువేసిన స్కోరు కార్డులొచ్చాయి. ఒకేసారి అందరూ మొదలుపెట్టడానికి విజిలొచ్చింది. వాటితోపాటు క్లబ్బు నియమం కూడా వచ్చింది. కాంపౌండులో ఇల్లున్న సభ్యులూ, వాళ్ళింటి అతిథులే ఆడాలి. మేస్త్రి ఉండేది బయట లేబర్ క్యాంపులో. ఆయన పాసు పని వేళకే చెల్లుతుంది. బుట్టలన్నీ చేసినవాడికి పోటీ శుక్రవారం నాడు గేటు లోపలికి రావడానికే లేదు.

కెప్టెన్ కమిటీతో వాదించి ఓడిపోయాడు. నేను ఆ మాట ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అప్పటికి కాకినాడ నుంచి వచ్చి ఆరునెల్లయింది. మేస్త్రి అప్పుడప్పుడూ మా ఇంటికి సొరకాయలు తెచ్చేవాడు. క్యాంపులో ఏసీల నుంచి కారే నీళ్ళు పట్టి పాదు పెంచాడు. ఆ వేళ కూడా ఒకటి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అతిథి పాసు కాగితం తీసుకురండి" అంది మా ఆవిడ నాతో. తెచ్చాను. తనే నింపింది. చుట్టరికం అన్న చోట 'బ్రదర్' అని రాసింది.

మేస్త్రి కంగారుపడ్డాడు. "అబద్ధం రాయద్దు చెల్లె. రేపు ఎవలన్న అడిగితే సారుకు మాటొస్తది."

"ఇప్పుడు మీరు నన్నేమని పిలిచారు?"

"ఏమని పిలిచిన? చెల్లె అన్న."

"మరి ఇందులో అబద్ధం ఏముందన్నయ్యా?"

ఆయన సొరకాయ బల్ల మీద పెట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కాళ్ళు కడుక్కోకుండా లోపలికి వచ్చేవాడు కాదు, తినకుండా వెళ్ళేవాడు కాదు. ఆ శుక్రవారం గార్డు పాసు చదివి, "బ్రదర్?" అని మీసం వంక చూసి, "గుడ్లు తెచ్చావా?" అని లోపలికి వదిలాడు.

ఆయన ఒళ్ళంతా కప్పే కంపెనీ కవరాలు వేసుకుని, ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లతో ఆడాడు. మిగతావాళ్ళంతా నిక్కర్లు, క్యాన్వాసు బూట్లు. మధ్యాహ్నానికి పోటీ ఇద్దరి మధ్యే మిగిలింది. మేస్త్రి, తబూక్ మెకానిక్కు. పద్దెనిమిదో బుట్టకి వచ్చేసరికి ఇద్దరూ సమానం. చుట్టూ అరవైమంది దాకా జనం.

మేస్త్రి విసిరి మా వైపు తిరిగాడు. చైన్లు గలగలమన్నాయి. బుట్టలో పడింది. ఇప్పుడు మెకానిక్కు కూడా వేస్తేనే సమానం, తప్పితే మేస్త్రిదే కప్పు. మెకానిక్కు నిదానంగా గురిచూసి విసిరాడు. డిస్కు సరిగ్గా చైన్ల నడిమికి వెళ్ళింది. ఒక చైను ఊడి వేలాడింది. డిస్కు ఆ సందులోంచి దూరి అవతల ఇసకలో పడింది.

బుట్టలో నిలవందే లెక్కకి రాదు. అది నియమం. మేస్త్రి గెలిచాడు! నేను ఎగిరి గంతేశాను. ఎవరో ఆయన్ని భుజాల మీదికి ఎత్తారు. ఆయన కాళ్ళు కొట్టుకుంటూ "దించుండ్రి, దించుండ్రి" అని అరిచి, కిందికి దిగి తిన్నగా బుట్ట దగ్గరికి వెళ్ళాడు. పైన రింగు మీద బొటనవేలు పెట్టి తడిమాడు. చైను తగిలించే కొక్కెం విరిగి ఉంది, అతికిన చోటే.

"ఇది నా ఎల్డు" అన్నాడు నాతో. మొహం నల్లబడింది. "సారుకు జెప్పుండ్రి. ఈ గెలుపు నేను ఒప్పుకోను."

కెప్టెన్ నచ్చజెప్పబోయాడు. నియమం నియమమే, నువ్వు గెలిచావు, సంతోషించు అన్నాడు.

"రూలు బుట్ట మంచిగున్నప్పటి ముచ్చట" అన్నాడు మేస్త్రి. "బుట్టదే తప్పయితే ఇసిరినోడేం జేస్తడు? ఆయన సక్కగనే ఇసిరిండు. రిఫైనరీల నా ఎల్డు ఫెయిలయితే నన్ను మెచ్చుకుంటరా? దండేసి కప్పిస్తరా? అడుగుండ్రి!"

నేను ఒక్కొక్క ముక్కా ఇంగ్లీషులో చెప్పాను. కెప్టెన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయనా ఇంజనీరే కదా. చివరికి, "అయితే ఏం చేద్దామంటాడు?" అన్నాడు.

"అతుకుదాం. అతికినంక ఆయన మళ్ళ ఇసురుతడు."

ఛాంపియన్‌షిప్ ఆగిపోయింది. వర్క్‌షాపు నుంచి డీజిల్ వెల్డింగ్ మిషను పికప్పుకి తగిలించి తెచ్చారు. మంటతో చేసే పనికి పర్మిటు ఉండాలని ఎవరో హాస్యానికి అంటే, కెప్టెన్ స్కోరు కార్డు వెనకాల పర్మిటు రాసి సంతకం పెట్టాడు. చైను పట్టుకోవడానికి మనిషి కావాల్సొచ్చింది. తబూక్ మెకానిక్కు తోలు చేతిజోళ్ళు తొడుక్కుని తనే ముందుకొచ్చాడు. తనని గెలిపించగల బుట్టని ఒకడు పట్టుకుంటే, తనని ఓడించగల బుట్టని ఇంకొకడు అతికాడు. మెరుపు రాగానే అరవైమందీ ఒక్కసారి మొహాలు తిప్పుకున్నారు.

అది చల్లారాక నన్ను పిలిచాడు. "ఇన్‌స్పెక్షన్ మీరు జెయ్యుండ్రి సారూ. మొహమాటపడద్దు."

సుత్తితో కొట్టి చూశాను. పన్నెండు కొక్కేలూ చూశాను. మిగతావాటిలో రెండు వదులుగా ఉన్నాయని చెప్పాను. ఆయన అవీ అతికాడు. మొత్తం గంట పైన పట్టింది. జనం ఒక్కరు కదల్లేదు. మా ఆవిడ ఇంట్లోంచి ఫ్లాస్కుల్లో టీ తెచ్చి పోసింది.

మెకానిక్కు మళ్ళీ అదే చోట నిలబడి విసిరాడు. గలగల, బుట్టలో నిలిచింది. సమానం. ఇక ఎవరు ముందు తప్పితే వాళ్ళు ఓడినట్టని అదనపు బుట్టలకి వెళ్ళారు. మూడోదాని దగ్గర మేస్త్రి డిస్కు అంగుళం తేడాతో అంచు తాకి కింద పడింది. ఆయన మా మొహాలు చూశాడు. చూసి, "అర్థమైందిలే" అన్నట్టు చెయ్యూపాడు.

కప్పు కూడా ఆయన చేసిందే, పైపు ముక్క మీద ఫ్లాంజి అనే ఇనుప చక్రం బిగించి, మెరుగు పెట్టి. దాన్ని తన చేత్తోనే మెకానిక్కుకి ఇచ్చాడు. ఆ పెద్దమనిషి కప్పు పక్కన పెట్టి ముందు ఈయన్ని కౌగిలించుకున్నాడు.

ఇంటికి వెళుతూ అడిగాను, "బాధగా లేదా మేస్త్రీ?"

"ఎందుకుండదు సారూ? ఉన్నది" అన్నాడు. నాలుగడుగులు వేశాక మళ్ళీ మొహం వెలిగింది. "గని అతికిన కొక్కెం మీ సుత్తె దెబ్బకు, ఆయన పళ్ళెం దెబ్బకు నిలవడ్డది. సూసిండ్రా?"

తర్వాతి ఏడు ఆయనే గెలిచాడు. ఆ పై ఏడు కూడా. తబూక్ మెకానిక్కు ఎన్ని గంటల ప్రయాణమైనా ఏటా వచ్చేవాడు. వచ్చీ రాగానే ఇద్దరూ పద్దెనిమిదో బుట్ట దగ్గరికి వెళ్ళి కొక్కేల్ని వేలితో తడిమి చూసుకునేవాళ్ళు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు.

మా ఆవిడకి ఆట నేర్పింది కూడా ఆయనే. "బలంతోని గాదు చెల్లె, మణికట్టుతోని. పెనం మీద అట్టు తిప్పుతవు సూడు, గట్ల." అట్టు దగ్గర అందుకుంది. ఒక ఏడు, "మగవాళ్ళకేనా పోటీ, మాకేదీ?" అని కెప్టెన్ని నిలదీసింది. మొదటి ఆడవాళ్ళ పోటీలో ముగ్గురే ఆడారు. మా ఆవిడ రెండోది. మూడో ఆవిడకన్నా ఒక్క విసురు తక్కువ. ఆ వెండి రంగు బిళ్ళ ఇప్పటికీ మా బీరువా తలుపుకి వేలాడుతుంది.

కొన్నేళ్ళకి క్లబ్బు వాళ్ళు అసలైన బుట్టలు విదేశాల నుంచి తెప్పించారు. ప్రపంచమంతా ఒకే కొలత ఉండాలి, లేకపోతే ఇక్కడి పోటీకి గుర్తింపు రాదన్నారు. పద్దెనిమిది పాత బుట్టలూ పీకి వర్క్‌షాపు వెనకాల పడేశారు. ఆయనకి ఎలా చెప్పాలో తెలియక నేను నాలుగు రోజులు తప్పించుకు తిరిగాను. తనే వచ్చాడు. కొత్త బుట్ట చుట్టూ తిరిగి, అతుకుల్ని బొటనవేలితో తడిమి చూశాడు.

"మిషిన్ల అతికిండ్రు. మంచిగున్నది" అన్నాడు. "మనయి ఎక్కడేసిండ్రు?"

కెప్టెన్ రిటైరై వెళ్ళబోతూ చేసిన చివరి మంచి పని, ఆ తుక్కుకి గేట్ పాసు రాసివ్వడం. తొమ్మిది బుట్టలు లేబర్ క్యాంపుకి చేరాయి. నీళ్ళ ట్యాంకుకీ మెస్సుకీ మధ్య, బట్టలారేసే తీగల కింద నుంచి ఆట. నేపాలీలు, ఫిలిప్పీనోలు, పాకిస్తానీలు, బెంగాలీలు, మన నిజామాబాద్, కరీంనగర్ వాళ్ళు, అందరూ శుక్రవారం పొద్దున్నే తయారు. అక్కడి నియమాలు మేస్త్రి రాసినవి. డిస్కు ఆరేసిన లుంగీ మీద పడితే తప్పు కాదు, లుంగీ మడతపెట్టి మళ్ళీ విసరాలి. ఓడినవాడు అలిగితే ఆ వారం చాయ్ వాడిదే. గెలిచినవాడికి ఆ రోజు ఫోను బూత్ లైన్లో మొదటి చోటు. ఆ బహుమతి ముందు మా కాంపౌండ్ కప్పు దిగదుడుపే. లైన్లో రెండు మూడు గంటలు నిలబడి ఇంటికి మాట్లాడుకునే రోజులవి. అంత పట్టుదలగా ఆడిన ఆటని నేను మరెక్కడా చూడలేదు. నన్ను ఒకసారి ఆడనిచ్చారు, పద్నాలుగోవాణ్ణి వచ్చాను.

ఏళ్ళు గడిచాయి. ఫోన్లు జేబుల్లోకి వచ్చాయి. ఆట కాంపౌండ్ గోడలు దాటింది. సౌదీ కుర్రాళ్ళు నేర్చుకున్నారు, ఆపైన అమ్మాయిలు. ఒక ఏడు దమ్మామ్ దగ్గర పార్కులో అందరికీ తెరిచిన ఛాంపియన్‌షిప్ పెట్టారు. పాసు అక్కర్లేదు, చుట్టరికం అడగరు. ఫోనులో పేరు నమోదు చేసుకుంటే చాలు. పోటీ రెండు రోజులు, శుక్ర శనివారాలు. వయసుని బట్టి తరగతులు.

ఆ ఏడే మేస్త్రికి అరవై నిండాయి. కాంట్రాక్టరు ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ వీసా వేయించాడు. టికెట్టు శుక్రవారం సాయంత్రానికి. నేను అంతకు రెండు రోజుల ముందు వెళ్ళి కలిస్తే పెట్టె కట్టుకుంటున్నాడు. పార్కులో పోటీ సంగతి చెప్పాను. తాడు ముడి సగంలో ఆపి, "టికెట్టు రెండు దినాలు జరుపుతరా సారూ?" అన్నాడు. జరిపించాను.

శుక్రవారం ఆయన తన తరగతిలో ఎనిమిది మందితో ఆడాడు. కొత్త క్యాన్వాసు బూట్లు, మా ఆవిడ కొనిచ్చినవి. స్కోర్లు రాసుకునేది ఇరవై ఏళ్ళ సౌదీ అమ్మాయి, చేతిలో ఫోను. ఆయనకి ఫోనులో ఎక్కించడం రాక వేళ్ళ మీద చూపిస్తుంటే తనే ఎక్కించేది. ఒకచోట ఆయన ఎప్పట్లాగే విసిరి వెనక్కి తిరిగి, చైన్ల చప్పుడు విని నవ్వాడు. ఆ పిల్ల ముచ్చటపడి, ఎప్పట్నుంచి ఆడుతున్నావు పెద్దాయనా అని అరబిక్‌లో అడిగింది.

"యుద్ధం అప్పటినుంచి" అన్నాడు వచ్చీరాని అరబిక్‌లో.

"ఏ యుద్ధం?"

ఆయన నా వంక చూశాడు. ఎంత సంతోషం ఆ కళ్ళలో! "ఇన్నరా సారూ? ఈ పిల్లకు తెల్వనే తెల్వదట!" అని, ఆమె తల మీద చెయ్యి పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని, గుండెల మీద పెట్టుకున్నాడు.

సాయంత్రం స్కోర్లు పెద్ద తెర మీద వేశారు. మేస్త్రి మూడో స్థానం. పార్కులో బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోను కలిపాడు. చెవికి సరిగ్గా వినపడక స్పీకరు పెట్టేవాడు. టికెట్టు జరిపిన సంగతి అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది.

"ఏందీ, రేపస్తలేవా?" అంది ఆయన భార్య. పార్కులో సగం మందికి వినపడింది. "ముప్పై ఏండ్లు సాలలేదా? పొలగాండ్లు కారు మాట్లాడుకున్నరు. నేను బియ్యం నానవోసిన. ఇంకా ఆటనేనా నీకు, ఈ వయసుల?"

"రెండు దినాలేనే. రేపటితోని అయిపోతది. ఎల్లుండి బయలెల్లుత."

మేస్త్రి తల వంచుకుని, చిన్నపిల్లాడిలా బూటుతో ఇసకలో గీతలు గీస్తున్నాడు.

"ఎన్నో నెంబరుల ఉన్నవ్?" అంది ఆవిడ.

"మూడు."

"ముందట ఎవలున్నరు?"

"ఇద్దరున్నరు. ఒకడు ఫిలిప్పీనాయన, ఒకడు సౌదీ."

"అయితే ఆ ఇద్దర్ని దాటే రా" అంది. "ఉట్టిగ రాకు."

రెండో రోజు ఫిలిప్పీనాయన్ని దాటాడు. సౌదీ ఆయన ఒక్క విసురు తేడాతో ముందు మిగిలిపోయాడు. ఆ ఒక్క విసురుకి ఊళ్ళో భార్యకి నెల రోజుల పాటు సంజాయిషీ చెప్పుకున్నానని, ఫోన్ చేసినప్పుడల్లా చెప్పి ఆయన నవ్వుతూనే ఉండేవాడు.